కొయ్యకముందే తూకం

సూరత్ వెళ్తున్నానంటే హనుమకొండలో తెలిసినవాళ్లంతా చీరల సంగతే అడిగారు. నేను బయల్దేరింది మాత్రం ఒక పెద్ద చెట్టును క్రేన్‌తో దించడం చూడటానికి. మా బావ అక్కడ ఆ పని చేసే ముఠాలో సిగ్నల్ ఇచ్చే మనిషి. “చెట్ల మీద ఎన్నో రాస్తవు, చెట్టెక్కేటోని మీద ఒక్కపారి రాయరాదు? వచ్చి చూడు” అన్నాడు ఫోన్‌లో. దసరా వెళ్లగానే వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

అది 2024. ఆ ఏడాది ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవిలో గాలి సుడులు తిరిగి వందల ఎకరాల్లో వేలాది చెట్లను పడగొట్టింది. అంతకు పదేళ్ల కిందట, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు ఆ ఊరి పచ్చదనమంతా రోడ్ల మీద పరుచుకుంది. ఇలాంటివి జరిగినప్పుడు కూలిన చెట్ల లెక్క పేపర్లో వస్తుంది. వాటిని తీసేవాళ్ల అవస్థ రాదు. పడిన చెట్టు చచ్చినట్టే కనిపిస్తుంది గానీ దానిలోని బిగువు చావదు. మాను కింద ఇరుక్కుని వంగిపోయిన కొమ్మను ఎటు నుంచి కోస్తున్నామో చూసుకోకపోతే, తెగిన క్షణంలో అది లేచి కోసేవాడి ముఖం మీదికే వస్తుంది. నిలబడి ఉన్న చెట్టయితే దీనికి ఎత్తు కూడా తోడవుతుంది. ఊళ్ల మధ్య అయితే ఇళ్లు, తీగలు, దారిన పోయే జనం కూడా.

భుసావళ్ దాటాక రైలు తపతి లోయ వెంట పడమరకు సాగుతుంది. నందుర్‌బార్, తర్వాత నవాపూర్. ఈ స్టేషన్ సగం మహారాష్ట్రలో, సగం గుజరాత్‌లో ఉంటుంది. ఆ తర్వాత వ్యారా, 1928 సత్యాగ్రహంతో దేశానికి తెలిసిన బార్డోలి. పెట్టెలో సగం మంది మనవాళ్లే. పండక్కి ఇంటికి వచ్చి మళ్లీ మగ్గాల మీదికి పోతున్నవాళ్లు. పిల్లల చేతుల్లో సకినాల డబ్బాలు, పెద్దల మాటల్లో మీటరుకు ఎంత గిడుతోందన్న లెక్కలు.

సూరత్‌లోని లింబాయత్ చేరితే వరంగల్, కరీంనగర్, సిరిసిల్ల, నల్లగొండ మాటలన్నీ ఒకే గల్లీలో వినిపిస్తాయి. మరమగ్గాల పని కోసం రెండు మూడు తరాలుగా వచ్చి స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలే ఎక్కువ. కార్పొరేషన్ నడిపే బడుల్లో తెలుగు మీడియం కూడా ఉంది. మా అక్క వాళ్ల పిల్లలు అక్కడే చదివారు. బావ కూడా మగ్గం మనిషే. 2020లో కరోనాకు మగ్గాలు ఆగాయి. మరుసటేడు మే నెలలో తౌక్తే తుపాను గుజరాత్ తీరం దాటింది. సూరత్‌లోనూ చెట్లు విరివిగా కూలాయి. కూలినవాటిని తీయడానికి మనుషులు కావాలంటే బావ రోజుకూలికి వెళ్లాడు. ఆ పనిలోనే ఉండిపోయాడు. మగ్గం చప్పుడులో ఇరవై ఏళ్లు సైగలతోనే మాట్లాడిన మనిషి కాబట్టి క్రేన్ కింద సిగ్నల్ ఇవ్వడం తనకు తొందరగా పట్టుబడిందని అంటాడు. నాకది నిజమే అనిపించింది.

మొదటి సాయంత్రం నన్ను అశ్వినీకుమార్ శ్మశానం దగ్గర తపతి ఒడ్డున ఉన్న మూడాకుల మర్రి దగ్గరికి తీసుకెళ్లాడు. కర్ణుడికి దహనం జరిగింది ఇక్కడేనని సూరత్ వాళ్ల నమ్మకం. ఆ గుర్తుగా ఈ మర్రికి మూడాకులే ఉంటాయంటారు. జనం దండం పెట్టుకుని పోతున్నారు. మర్నాడు చెట్టెక్కబోయే కుర్రాడు కూడా మాతో వచ్చాడు. దాహోద్ వైపు ఆదివాసీ, ఇరవై నాలుగైదేళ్లుంటాయి. మర్రి మొదట్లో కొబ్బరికాయ కొట్టి, నీళ్లు నేల మీద పోసి, “దీన్ని దించమని మాత్రం నన్నెవరూ అడగకూడదు” అన్నాడు హిందీలో. దాన్ని చూసిన కళ్లతో మర్నాడు ఇంకో చెట్టును చూడటం నాకు కష్టంగానే ఉంది.

దించాల్సింది ఉధనా–మగదల్లా రోడ్డు వైపు ఒక హౌసింగ్ సొసైటీ ఆవరణలోని నిద్రగన్నేరు. అక్కడ అందరూ రెయిన్‌ట్రీ అనే అంటారు. దక్షిణ, మధ్య అమెరికాల నుంచి వచ్చి మన రోడ్ల పక్కనంతా పాకిన చెట్టు. నీడ విశాలం, ఎదుగుదల వేగం. అదే వేగం దాని బలహీనత కూడా. కొమ్మలు పొడుగ్గా అడ్డంగా సాగి, బరువు చివర్లకు చేరి, ఓ వర్షాకాలపు మధ్యాహ్నం ఏ గాలీ లేకుండానే విరుగుతాయి. ఈ చెట్టు ఆరేడు అంతస్తుల ఎత్తు లేదు గానీ గొడుగు మాత్రం సొసైటీలో సగం మేర కప్పింది. ఆ ఏడాది వర్షాలకు ఒకవైపు ఒరిగింది. ఒరిగిన వైపు మూడంతస్తుల ఇల్లు.

నేను కోత చూడాలని వెళ్లాను. నిజమైన పని కోతకు ముందే జరుగుతుందని ఆ సాయంత్రం ఉస్తాద్ చెట్టు చుట్టూ తిరుగుతుంటే అర్థమైంది. ఉస్తాద్ ఆ ముఠాకు పెద్ద, అరవైకి దగ్గరైన మనిషి. చేతిలో చెక్క సుత్తి. ముందు నేలను చూశాడు. ఒరిగిన దిక్కుకు ఎదురుగా మట్టి నెర్రెలిచ్చి, వేళ్లు పైకి లేచి ఉన్నాయి. అటువైపే ఎప్పుడో మురుగుకాలువ తవ్వినప్పుడు వేళ్లు నరికేశారట. తర్వాత మొదలు చూశాడు. నేలకు జానెడు ఎత్తులో గోధుమరంగు పుట్టగొడుగు పెంకులు కట్టి ఉంది. పైకి చిన్నదే, కానీ లోపల చేవ తినేశాక గానీ అది బయటికి రాదు. సుత్తితో తడుతూ మాను చుట్టూ తిరిగాడు. మూడుచోట్ల డొల్ల చప్పుడు. తలెత్తి తేనెతుట్టెల కోసం వెతికాడు. పెద్ద తేనెటీగల తుట్టె ఒక్కటి కదిలితే తాళ్లకు కట్టుకుని ఉన్నవాడికి పారిపోయే దారుండదు. తుట్టె లేదు. కాకిగూడు ఒకటుంది, ఖాళీది. గబ్బిలాల గుంపు పక్క సొసైటీ చింతచెట్టు మీద ఉంది.

ఇంత పాడైన చెట్టుకు తాడు కట్టి కొమ్మలు దించే పాత పద్ధతి పనికిరాదు. అందులో తెగిన కొమ్మ బరువు, అది జారి ఆగేటప్పటి కుదుపు, అన్నీ చెట్టు మీదే పడతాయి. వేళ్లు పట్టు తప్పిన చెట్టు ఆ కుదుపుకే కూలవచ్చు. క్రేన్ ఉపయోగం ఇక్కడే. తెగబోయే ముక్కను ముందే పైనుంచి పట్టుకుంటుంది. చెట్టు మీద బరువు తగ్గడమే తప్ప కుదుపు ఉండదు, సక్రమంగా చేస్తే. సక్రమంగా చేయకపోతే ఆ కుదుపంతా క్రేన్ మీద పడుతుంది. అప్పుడు ఒరిగేది క్రేన్.

ఆ మాట సూరత్‌లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. సర్థాణా నుంచి డ్రీమ్ సిటీకి, భేసాణ్ నుంచి సారోలీకి కలిపి నలభై కిలోమీటర్ల మెట్రో కడుతున్నారు. ఊరంతా క్రేన్లే. నేను వెళ్లడానికి రెండు నెలల ముందు, ఆగస్టులో, నానా వరాఛాలో మెట్రో పనిలోని ఒక భారీ క్రేన్ పక్కనున్న బంగళా మీద పడింది. అదృష్టవశాత్తు ప్రాణాలు పోలేదు. “అంత పెద్ద పనిల, అంతమంది ఇంజినీర్లున్న కాడ అట్ల అయింది. మా తీరు గల్లీ పనుల సంగతి ఆలోచించు బామ్మర్దీ” అన్నాడు బావ.

రాత్రి అన్నాలయ్యాక అక్క చాయ్ పెట్టింది. బావ, ఉస్తాద్, నేను చాప మీద కూర్చున్నాం. ఉస్తాద్ కాగితం మీద చెట్టు బొమ్మ గీసి, ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకు చుట్టుకొలత, పొడవు రాశాడు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన పాఠం అక్కడే దొరికింది. మన కట్టెల డిపోల్లో దుంగను కొలిచే పద్ధతి ఒకటుంది. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 1736లో హోపస్ అనే ఇంగ్లిష్ ఆయన అచ్చువేసిన పట్టికల నుంచి వచ్చిన లెక్క ఇది. దుంగను చెక్కితే పోయే తరుగును అందులోనే మినహాయించారు. కలప కొనేవాడికి అది న్యాయం. క్రేన్‌కు మాత్రం ప్రాణాంతకం. ఎందుకంటే తరుగుగా పోయే కలపకు కూడా బరువుంటుంది, కొక్కేనికి అది కూడా వేలాడుతుంది.

ఆరడుగుల చుట్టుకొలత, పదహారు అడుగుల పొడవున్న కొమ్మ తీసుకోండి. డిపో లెక్కలో 36 ఘనపుటడుగులు. అసలు లెక్కలో, అంటే చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 12.57తో భాగిస్తే, దాదాపు 46. పచ్చికట్టెను నీళ్లతో సమానంగా, ఘనపుటడుగుకు 28 కిలోలుగా కడతారు. డిపో లెక్క వెయ్యి కిలోలంటుంది, అసలుది 1,300 దాకా వస్తుంది. దానికి రెమ్మలు, ఆకులు కలపాలి. ఉస్తాద్ ఆ ముక్క పక్కన 1,700 అని రాశాడు. ఇదంతా చేయడానికి ఒక టేపు, ఒక కాగితం, రాత్రి ఓ గంట. పైసా ఖర్చు లేదు. అయినా చాలాచోట్ల ఎవరూ చేయరు. “ఓ టన్ను ఉంటది తియ్” అనే మాట మీదే కోత మొదలవుతుంది.

తర్వాత క్రేన్ సంగతి. మన ఊళ్లలో క్రేన్ అంటే హైడ్రా. రోడ్డు మీద బూమ్ ముందుకు చాచుకుని పోయే చిన్నబండి. పద్నాలుగు టన్నుల హైడ్రా అంటే పద్నాలుగు టన్నులు ఎక్కడైనా ఎత్తుతుందని అనుకుంటారు. ఆ పద్నాలుగు, బూమ్ లోపలికి ముడుచుకుని బరువు టైర్లకు దాదాపు ఆనుకుని ఉన్నప్పటి మాట. బూమ్ చాచేకొద్దీ బలం పడిపోతుంది. చెట్టు కొమ్మ ఉండేదేమో ఎప్పుడూ దూరంలోనే, ఎత్తులోనే. పైగా హైడ్రాకు నేల మీద ఆనుకునే జాకులు ఉండవు. బరువుతో పక్కకు తిరిగితే ఒరుగుతుంది. అందుకే ఉస్తాద్ నలభై టన్నుల టెలిస్కోపిక్ క్రేన్ చెప్పాడు. సొసైటీ వాళ్లకు అది కాస్త కోపం తెప్పించింది. పదిహేడు వందల కిలోలకు నలభై టన్నుల బండి ఎందుకన్నారు.

క్రేన్ క్యాబిన్‌లో అంటించిన చార్టు దానికి జవాబు. లారీ ఆపగలిగే చోటు క్రేన్ నడిబొడ్డు నుంచి పద్నాలుగు మీటర్లు. అంత దూరాన ఆ బండి ఎత్తగలిగేది అయిదు టన్నుల చిల్లర మాత్రమే. అందులోంచి కొక్కెం, బెల్టుల బరువు తీసేయాలి. మిగిలినదానిలో సగానికి మించి ఎత్తకూడదని ఉస్తాద్ నియమం. ఇనుప గర్డరుకు బరువు ముందే తెలుసు, చెట్టు ముక్కకు తెలియదు, అందుకే ఆ సగం. ఎత్తేచోటి దూరం చూసి మోసపోవద్దని కూడా చెప్పాడు. కొమ్మ దగ్గర దూరం తొమ్మిది మీటర్లే, కానీ దాన్ని తిప్పి లారీలో పెట్టేసరికి పద్నాలుగవుతుంది. గాల్లో ఉన్న బరువు తగ్గదు, మోసే బలం మాత్రం తగ్గుతూ పోతుంది.

తెల్లారి ఆరింటికల్లా బండి వచ్చింది. ఆపరేటర్ బిహార్ మనిషి. దిగి ముందు నేల తొక్కి చూశాడు. తపతి ఒండ్రు, నల్లమట్టి కలిసిన నేల వానలు వెనక్కి తగ్గినా లోపల మెత్తగానే ఉంటుంది. నాలుగు జాకుల కింద చెక్క స్లీపర్లు అడ్డంగా నిలువుగా రెండు వరుసలు పేర్చారు. బరువు ఒక మూలకు తిరిగినప్పుడు బండి భారంలో చాలా భాగం ఆ ఒక్క జాకు మీదికే వస్తుంది. కాలువ మూత మీద గానీ, గ్యాస్ పైపు పోయిన గీత మీద గానీ జాకు పడకుండా ముందురోజే సున్నంతో గుర్తులు వేశారు. సొసైటీ పక్కనుంచి పోయే కరెంటు తీగకు ఆ పూట సరఫరా ఆపించారు. ఆపామని ఫోన్‌లో చెప్పినా ఉస్తాద్ ఒప్పుకోలేదు. లైన్‌మన్ వచ్చి, పరీక్షించి, ఎర్త్ కట్టి, సంతకం పెట్టాకే బూమ్ లేచింది. అప్పుడు కూడా తీగకు మూడు మీటర్ల లోపలికి బూమ్‌ను రానివ్వలేదు.

తాళ్ల కన్నా బెల్టులు నన్ను ఎక్కువ ఆకట్టుకున్నాయి. ఒక్కో రంగుకు ఒక్కో బలం. ఆకుపచ్చ రెండు టన్నులు, పసుపు మూడు, బూడిద నాలుగు, ఎరుపు అయిదు. దుంగకు ఉరి బిగించినట్టు చుడితే ఆ బలంలో అయిదో వంతు పోతుంది. రెండు కాళ్లుగా కట్టి ఎక్కువ వెడల్పుగా చాపితే ఇంకా పోతుంది. నేలకు ముప్పై డిగ్రీల వాలుగా చాపితే ఒక్కో కాలు మీద మొత్తం బరువంత లాగుడు పడుతుంది. అంచు చిరిగినా, బలం రాసి ఉన్న చీటీ ఊడిపోయినా ఆ బెల్టును ఉస్తాద్ అక్కడే కత్తితో కోసి పారేస్తాడు. మళ్లీ ఎవరూ వాడకుండా. ఫ్యాక్టరీల్లో ఎత్తే యంత్రాలను, గొలుసులను, తాళ్లను కనీసం ఏడాదికోసారి పరీక్షించాలని అప్పటి 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 29వ సెక్షన్ చెప్పేది. చెట్లు దించేది ఫ్యాక్టరీలో కాదు. ఇక్కడ ఆ సెక్షన్ పని ఉస్తాద్ జేబులోని కత్తి చేస్తోంది.

మూడు పెద్ద కొమ్మల్లో రెండు గట్టివి. దాహోద్ కుర్రాడు వాటిని ఎక్కాడు. డొల్ల చప్పుడు వచ్చిన మూడో కొమ్మను ముట్టుకోనివ్వలేదు. దానికోసం బుట్ట ఉన్న లిఫ్టు బండి వేరే తెప్పించారు. కుర్రాడి నడుముకు రెండు కట్లు. ఒకటి మాను చుట్టూ, లోపల ఉక్కుతీగ ఉన్నది. కోత మిషన్ పొరపాటున తగిలినా సులువుగా తెగదు. ఇంకొకటి పై కొమ్మకు. ఒకటి విప్పేటప్పుడు రెండోది కట్టే ఉండాలి. రెండూ తాను కోయబోయే ముక్కకు కాకుండా నిలిచి ఉండే భాగానికి కట్టాలి. ఈ చివరి మాట ఎవరికైనా తెలిసిందే కదా అనిపిస్తుంది. ముప్పై అడుగుల ఎత్తున ఆకుల మధ్య ఏ కొమ్మ ఎక్కడ మొదలవుతుందో కనిపించనప్పుడు అది తెలిసిన విషయం కాదు. అందుకే కోతకు ముందు ప్రతిసారీ కింద నుంచి ఉస్తాద్ అడుగుతాడు, పైనుంచి కుర్రాడు కట్టును చేత్తో లాగి చూపిస్తాడు.

కింద సిగ్నల్ ఒక్క బావదే. ఖలాసీల మాటలే ఇక్కడా నడుస్తాయి. ఎత్తడానికి హాబిస్, దించడానికి ఆరియా. మిషన్ మోత మొదలయ్యాక మాటలు పనికిరావు, చేతులే. ఆపరేటర్‌కు బావ కనిపించని క్షణంలో బండి ఆగిపోవాలి. ఇంకెవరు చెప్పినా ఆపరేటర్ వినడు, ఒక్క సందర్భంలో తప్ప. ఆపమని ఎవరు చేతులు ఊపినా ఆపాల్సిందే. వాచ్‌మన్ అయినా, చూడటానికొచ్చిన నేనైనా. పొద్దున అందరినీ నిలబెట్టి ఉస్తాద్ ఈ మాట చెప్పినప్పుడు నన్ను కూడా వరుసలో నిలబెట్టి హెల్మెట్ పెట్టించాడు.

మొదటి ముక్క. బెల్టును కొమ్మ బరువు మధ్యస్థానానికి బాగా పైన బిగించారు. తెగాక మొదలు కిందికి వేలాడి నిలువుగా ఉంటుందని. బావ వేలు నెమ్మదిగా తిప్పాడు. వైర్‌రోపు బిగిసింది. ఇక్కడే అసలు నేర్పు. ముక్క బరువెంతో అంతే బిగువు పట్టి ఉంచాలి. తక్కువైతే తెగగానే ముక్క జారి క్రేన్‌ను కుదుపుతుంది. ఎక్కువైతే తెగిన ముక్క ఎగిరి కుర్రాడి మీదికి రావచ్చు, లేదా కోత పూర్తి కాకముందే నిలువునా చీలుతుంది. ఎంత బిగువు పట్టాలో తెలియాలంటే రాత్రి కాగితం మీది అంకె తెలియాలి. ఆ అంకె లేకపోతే ఆపరేటర్ గుడ్డిగా లాగుతున్నట్టే.

మిషన్ మోగింది. ముక్క తెగుతుంటే కుర్రాడు కోతకు పక్కగా, మొదలు ఊగే దిక్కుకు అవతలి వైపున ఉన్నాడు. చివరి రెండు వేళ్ల మందం మిగిలినప్పుడు మిషన్ ఆపేసి, చేతిరంపంతో తెంపి, ఒక మెట్టు కిందికి దిగాడు. బావ చేయి లేచింది. కొమ్మ జానెడు పైకి లేచి ఆగింది. అలా గాల్లో ఆపి, ఆపరేటర్ బరువు చూపే మీటరు చూసి వేళ్లతో చెప్పాడు, బావ కాగితం మీద రాసుకున్నాడు. తర్వాతే తిప్పారు. ఆకుల గుబురు గాలికి తెరచాపలా తిరగబోతే ఇద్దరు దూరం నుంచి తాడుతో పట్టుకున్నారు. దాని నీడ పోయే దారిలో ఒక్క మనిషి లేడు. పని చేసేది తొమ్మిది మంది, కంచె బయట చూసేవాళ్లు యాభై మంది. ఆ యాభై మందిని ఆపడానికి ఇద్దరిని కేటాయించడం దండగని నాకెక్కడా అనిపించలేదు.

నాలుగో ముక్క డొల్ల కొమ్మది. రాత్రి లెక్క ప్రకారం 1,700. డొల్ల కాబట్టి ఇంకా తేలిగ్గా ఉంటుందని నేననుకున్నాను. పసుపు బెల్టు చాలు, ఉరి బిగించినా 2,400 దాకా పడుతుంది. ఉస్తాద్ మాత్రం బూడిదరంగుది వేయించాడు. లిఫ్టు బుట్టలోంచి కుర్రాడు కోశాడు. తెగి, జానెడు లేచి ఆగింది. కోసిన మొదలు నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి. ఆపరేటర్ చూపిన అంకె 2,300. వర్షాకాలం నీళ్లన్నీ ఆ డొల్లలో, కుళ్లిన పొట్టులో ఇంకి ఉండటంతో డొల్ల వల్ల తగ్గాల్సిన బరువు తగ్గలేదు, రెమ్మలు, ఆకులు కూడా రాత్రి కట్టినదానికన్నా ఎక్కువ తూగాయి. ఎవరూ కంగారు పడలేదు. చార్టులో సగం దాటలేదు, బెల్టు నాలుగు టన్నులది. కాస్త నీళ్లు ఓడనిచ్చి, మెల్లగా తిప్పి దించారు. నాకు మాత్రం కాళ్లు చల్లబడ్డాయి. అదే దూరంలో ఒక హైడ్రా, కొమ్మకు చిరిగిన బెల్టు, “ఓ టన్ను ఉంటది” అన్న నోటిలెక్క ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మధ్యాహ్నం ఎండ మండింది. బండి కిరాయి షిఫ్టు లెక్క. సాయంత్రంలోగా ముగియకపోతే రెండో షిఫ్టు. చెట్టు పనిలో ప్రమాదాలకు మూలం ఈ గడియారమే అని నా అభిప్రాయం. సొసైటీ పెద్ద ఒకాయన రెండుసార్లు వచ్చి, మాను మొత్తం ఒకేసారి లాగేస్తే అయిపోదా అని అడిగాడు. ఉస్తాద్ తిట్టలేదు. కాగితం చూపించి, మాను ఒక్కటే ఏడు టన్నులు, మూడు ముక్కలు చేయాలి అని గుజరాతీలో నచ్చజెప్పాడు. మన దగ్గర చెట్టు మొదలుకు తాడు కట్టి జేసీబీతో లాగడం ఎన్నోచోట్ల చూశాను. కుళ్లిన మాను లాగుడుకు ఎటు విరుగుతుందో లాగేవాడికి తెలియదు. తాడు తెగితే అది వెనక్కి కొట్టే దారిలోనే డ్రైవర్ కూర్చుని ఉంటాడు.

ఓపికతో చేస్తే మనవాళ్లు ఎంత చేయగలరో చూపించే పని కూడా మన దగ్గరే ఉంది. రాజన్న సిరిసిల్ల జిల్లా సుద్దాలలో వానలకు వేళ్లతో సహా కూలిన డెబ్బై ఏళ్ల మర్రికి నీళ్లు పోసి చిగురింపజేసి, 2022లో కొమ్మలు కత్తిరించి, క్రేన్లతో ట్రెయిలర్ మీదికెత్తి జిల్లెల్ల అడవికి తీసుకెళ్లి నాటారు. చంపడానికైనా బతికించడానికైనా ఎత్తడం ఎత్తడమే. చెట్టు బరువు, క్రేన్ దూరం, బెల్టు బలం అక్కడా ఇవే. అయితే చెట్టు కొట్టాలంటే మనం అనుమతి అడుగుతాం. మన రెండు రాష్ట్రాల్లో 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అది ఉండాల్సిందే. ఏ చెట్టు, ఎందుకు, బదులు ఎన్ని నాటుతారు అని అడుగుతాం. ఎవరు ఎక్కుతున్నారు, ఏ బండి తెస్తున్నారు, బరువు లెక్క ఎవరు కట్టారు అని కూడా ఆ కాగితంలోనే నాలుగు గీతలు అడిగితే చాలా ఇళ్లలో దీపం నిలుస్తుంది. క్రేన్లను సురక్షితంగా వాడటానికి ఐఎస్ 13367 అనే భారతీయ ప్రమాణం 1992 నుంచే ఉంది. దాన్ని చెట్ల పని దాకా దించుకోవడమే మిగిలింది.

చీకటి పడకముందే మాను మూడు ముక్కలుగా లారీ ఎక్కింది. మొదలు నేల మట్టానికి కోశాక చూస్తే, చుట్టూ జానెడు మందం గట్టి కలప, నడుమంతా పొట్టు. కుర్రాడు దిగి, కట్లు విప్పి, మిషన్ గొలుసు తుడుచుకుంటూ కూర్చున్నాడు. అందరికీ చాయ్ వచ్చింది. ముందు అతనికే ఇచ్చారు.

కట్టె కొన్న వ్యాపారి లారీని వేబ్రిడ్జికి పట్టుకెళ్తుంటే బావ నన్నూ ఎక్కించుకున్నాడు. ముక్కలన్నీ కలిపి ఉస్తాద్ అంచనా పందొమ్మిది టన్నులు. కాటా మీద పదహారున్నర పడింది. సొసైటీ పెద్ద కూడా వెనకే స్కూటర్ మీద వచ్చాడు. చీటీ చూసి, “చూశారా, రెండున్నర టన్నులు ఎక్కువ కట్టారు. చిన్న బండి సరిపోయేది” అన్నాడు.

బావ కాగితం తీసి నాలుగో ముక్క దగ్గర వేలు పెట్టాడు. “సేఠ్, క్రేన్ చెట్టునంత ఒక్కపారి ఎత్తదు. ఒక్కొక్క దుంగను ఎత్తుతది. పదహారున్నర చూసి చిన్న బండి తెస్తే, గీ ఒక్క దుంగ కాడ అది మీ ఇంటి మీద పడేది” అని తెలుగు కలిసిన హిందీలో చెప్పాడు. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని, 1,700 పక్కన రాసిన 2,300ను కాసేపు చూశాడు. తమ వెనుక గేటు దగ్గర ఇంకో రెయిన్‌ట్రీ ఉందని, దాని కొమ్మలు కూడా ఒకసారి చూడమని అడిగాడు. ఉస్తాద్‌కు బావ అక్కణ్నుంచే ఫోన్ చేశాడు. రేపు పొద్దున టేపు, సుత్తి తీసుకుని రమ్మని, బండి ఇప్పుడే చెప్పొద్దని.